కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూసే మనిషి

మెర్ల్ క్విగ్లీని చెడ్డవాడని ఇంతవరకూ ఎవరూ అనలేదు. నేనూ అనను. చెడ్డవాళ్ళ మీద నాకంత కోపం రాదు. వాళ్ళు తెలిసి చేస్తారు, మనం మనసారా తిట్టుకోవచ్చు, లెక్క సరిపోతుంది. ఈయన మంచివాడు. పక్కింటి ముసలమ్మ వాకిట్లో మంచు కూడా తనే పారతో ఎత్తిపోసేవాడట. అలాంటి మంచివాడు ఒకరోజు పొద్దున, కప్పులో కాఫీ చల్లారేలోపు చేసిన నిర్వాకాన్ని పదిమంది దుర్మార్గులు కూడబలుక్కున్నా చెయ్యలేరు. అందుకే ఆయన కథ నేను చెబుతున్నాను. ఆయనను మెచ్చుకునేవాళ్ళకి వదిలేస్తే రిటైర్మెంటు విందులో ఉపన్యాసమై కూర్చుంటుంది.

నా పేరు ఇర్మా ఫాంటెస్. శాంతాక్లారాలో మా నాన్నకి ఆప్రికాట్ తోట ఉండేది. చెట్లు కొట్టేసి ఆ నేలమీద ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ కట్టారు. ఎండాకాలమంతా ఆప్రికాట్లు రెండుగా చీల్చి ఎండబెట్టిన చేతులతో నేను టైపు నేర్చుకుని, పాలో ఆల్టో కొండమీద గ్రేడన్ కంపెనీవాళ్ళు పెట్టిన ల్యాబులో సెక్రటరీగా చేరాను. అది డెబ్బైల మొదట్లో.

గ్రేడన్ అంటే కాపీ మిషన్ల కంపెనీ. దాని సొంత ఊరు దేశానికి ఆ చివర, న్యూయార్క్ రాష్ట్రంలో ఉత్తరాన, సరస్సు ఒడ్డున, ఏడాదిలో సగం మంచు కింద ఉంటుంది. క్విగ్లీ పుట్టిందీ పెరిగిందీ అక్కడే. వాళ్ళ నాన్న స్కూళ్ళకీ చర్చీలకీ చేత్తో తిప్పే నకలు యంత్రాలు అమ్మేవాడు. ఊదారంగు సిరావి. ఆ ఇంట్లో తలుపు గొళ్ళేలకీ, రొట్టె అంచులకీ, పిల్లల చెవులకీ కూడా ఊదా మరకలేనట. ఆదివారం చర్చిలో పాటల కాగితం పట్టుకున్నవాళ్ళందరి వేళ్ళూ ఊదాగా మారేవి, అందరూ వాళ్ళ నాన్న వైపు చూసేవారు. ఆ సిగ్గు తట్టుకోలేకేనేమో, ఈయనకి చిన్నప్పటినుంచీ చిక్కటి నలుపంటే ప్రాణం.

చెరగని, అంటుకోని నలుపుని గ్రేడన్ వాళ్ళు మొదటిసారి కాగితం మీద పెట్టినప్పుడు, కాలేజీ దాటగానే వెళ్ళి అందులో చేరిపోయాడు. ఆ కంపెనీలో ఒక ఆచారం ఉంది. చేతికి కాగితం వస్తే ముందు చదవరు. కిటికీ వైపు ఎత్తి చూస్తారు. నలుపు చిక్కగా ఉందా, అక్షరం అంచు చెదిరిందా, వెనక బూడిద పొరేమైనా పట్టిందా అని చూసుకున్నాకే, ఇంతకీ ఇందులో ఏం రాసుందని అడుగుతారు. పెళ్ళి శుభలేఖయినా అంతే, డాక్టరిచ్చిన రిపోర్టయినా అంతే. క్విగ్లీకి కూతురు పుట్టినప్పుడు ఆసుపత్రివాళ్ళు కాగితం చేతికిస్తే, వెలుతురుకి ఎత్తి, "వీళ్ళ కాపీ మిషన్లో అచ్చువేసే డ్రమ్ము అరిగిపోయింది" అన్నాడట. ఆ తర్వాతే పుట్టింది ఆడపిల్లో మగపిల్లాడో చూశాడట. ఈ సంగతి ఆయనే నాకు నవ్వుతూ చెప్పాడు. భార్య లోరీన్ పక్కనే కూర్చుని ఉంది. ఆవిడ నవ్వలేదు.

ఆ కన్ను వల్లే పైకొచ్చాడు. మొదట అమ్మకాలు, తర్వాత నాణ్యత, ఆ తర్వాత ప్లానింగు. అక్కడ పైకి రావడమంటే ఒకటే అర్థం, పొడుగు బల్ల దగ్గర కుర్చీ దొరకడం. కంపెనీ పెద్దలు కూర్చునే ఆ బల్ల వాల్‌నట్ చెక్కది. క్విగ్లీ గోడ పక్క కుర్చీల్లో ఏళ్ళ తరబడి కూర్చుని, బల్ల మీద మోచేతులు పెట్టుకునే అదృష్టం ఎప్పుడొస్తుందా అని చూస్తుండేవాడు. అప్పుడే ఆయనని మా కొండకి పంపారు.

మావాళ్ళని కూడా వదలను, తొందర వద్దు. కంప్యూటరంటే ఆ రోజుల్లో గదంత ఉండేది, అద్దాల వెనక చలిగదిలో ఉండేది, దాని దగ్గర పని కావాలంటే వరసలో నిలబడాలి. మా ల్యాబువాళ్ళు మనిషికొకటి చేశారు. పేరు క్వెయిల్, మా కొండమీద గుంపులుగా పరిగెత్తే పిట్ట పేరు. బల్ల కింద దాని పెట్టె, బల్ల మీద నిలువు తెర, తెర మీద కాగితంలాగే తెల్లటి పేజీ, చేతి కింద మౌస్. రాసుకోవచ్చు, బొమ్మ గీసుకోవచ్చు, ఒక గదిలో రాసింది ఇంకో గదిలో తెరకి పంపుకోవచ్చు. ఇవాళ ప్రతి ఇంట్లోనూ ఉన్న సరంజామా అంతా మా కొండమీద అప్పటికే ఉంది. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది.

మా మేధావులు చెప్పుల్లేకుండా ఆఫీసుకొచ్చేవారు. సైకిలు దిగకుండా నడవాలోకి వచ్చేసేవారు. మేం చేసింది ఇంత గొప్పగా ఉంది కాబట్టి ప్రపంచం రేపు పొద్దున్నే వచ్చి గడప ముందు నిలబడుతుందని వాళ్ళ గట్టి నమ్మకం. బయటివాళ్ళతో రెండు నిమిషాలు మాట్లాడితే మూడో నిమిషంలో అవమానించేవారు. అందుకే చూడడానికొచ్చినవాళ్ళకి క్వెయిల్ చూపించే పని నాకప్పగించారు. నాకు తెలివి ఉందని కాదు, మర్యాద ఉందని.

వారానికోసారి అందరూ బీన్‌బ్యాగుల గదిలో చేరేవారు. ఆ సంచుల్లో కూర్చుంటే నడుము దాకా దిగబడిపోతారు. ఎవడూ గబుక్కున లేచి బోర్డు మీదికి దూకకూడదనే వాటిని పెట్టారు. ముందు నిలబడి చెప్పేవాణ్ణి ముక్కలు ముక్కలు చెయ్యడం అక్కడి సంప్రదాయం. తమలో తాము చేసుకుంటే అది ఆట, సాయంత్రం కలిసి బీరు తాగేవారు. బయటివాడికి చేస్తే అది ఆట కాదని వాళ్ళలో ఒక్కడికీ తోచలేదు.

క్విగ్లీని వచ్చిన వారమే అక్కడ నిలబెట్టారు. గోధుమరంగు కోటు, లోపల చొక్కా మీద మరో కోటు, టై, మెరిసే బూట్లు. ఆయన పని ఏమిటో ఆయనే చెప్పాడు. క్వెయిల్‌ని కంపెనీ సరుకుగా చెయ్యాలా వద్దా అన్నది పొడుగు బల్ల దగ్గర తేలుతుంది. వాళ్ళ చేత ఔననిపిస్తే ఫ్యాక్టరీ కడతారు. కాదంటే ఆ ఫ్యాక్టరీ కొత్త కాపీ మిషన్‌కి పోతుంది, క్వెయిల్ చేసినవాళ్ళు మూటాముల్లె సర్దుకోవాలి. ఔననిపించే బాధ్యత ఆయనది. ఇంత చెప్పి, చెమట తుడుచుకుని, ఒక బీన్‌బ్యాగులో కూర్చుని, ఒక ప్రశ్న అడిగాడు.

"అంతా బాగుంది. మరి కాగితం ఎక్కణ్ణించి బయటికొస్తుంది?"

గదంతా గొల్లుమంది.

"కాగితం రాదండీ. తెర మీదే చదువుకుంటారు," అన్నాడు ఎల్డన్ ఫ్రేజ్. క్వెయిల్ గుంపుకి అతనే పెద్ద. గడ్డం, నిక్కరు, కాళ్ళకి ఏమీ లేవు.

"చదివాక?"

"చదివాక ఇంటికెళ్ళి పడుకుంటారు."

మళ్ళీ నవ్వులు. క్విగ్లీ మొహం ఎర్రబడింది. "నాయనా, మన కంపెనీకి తిండి పెడుతున్నది కాగితం. మీ జీతాలకి కూడా."

"అయితే ఆ కాగితం ఇంకో నాలుగేళ్ళు నమలండి. మేమిక్కడ భోజనం వండుతున్నాం, అయ్యాక పిలుస్తాం."

అందరూ చప్పట్లు కొట్టి లేచి వెళ్ళిపోయారు. అలవాటున్నవాళ్ళు కాబట్టి పక్కకి దొర్లి లేచారు. ఈయనకి ఆ కిటుకు తెలీదు. రెండు చేతులూ నేలకి ఆనించి తన్నుకుంటున్నాడు, బూట్లు గాల్లో ఆడుతున్నాయి. తలుపు దగ్గర ఇద్దరు ఆగి చూశారు కానీ చెయ్యి ఇవ్వలేదు. నేనే వెళ్ళి పట్టి లేపాను.

"చాలా తెలివైనవాళ్ళమ్మా," అన్నాడు కోటు దులుపుకుంటూ.

"తెలివికేం, బోలెడుంది. పెంపకమే లేదు," అన్నాను.

ఆ పూట ఆ గదిలో నవ్వినవాళ్ళందరూ ఈ కథలో వాటాదారులే. ఈయన ఇంకెప్పుడూ ఆ గదిలో అడుగు పెట్టలేదు. మావాళ్ళని ఏదీ అడగలేదు. తెలీనిది అడిగితే నవ్వుతారని ఆయన బుర్రలో మేకు దిగిపోయింది.

నన్ను మాత్రం అడిగేవాడు. ఒక మధ్యాహ్నం అందరూ పోర్టోలా వ్యాలీలో చెట్ల కింద బీరు అమ్మే చోటికి హాంబర్గర్లు తినడానికి పోతే, ఆయన నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నాకు నేర్పుతావా ఇర్మా? నవ్వకుండా?"

"నవ్వితే నా ఉద్యోగం పోతుంది, కూర్చోండి," అన్నాను.

కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. మౌస్‌ని మొదట గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. కాసేపటికి భార్యకి ఉత్తరం రాశాడు. ఉత్తరం కింద వాళ్ళ సరస్సూ, సరస్సులో చిన్న పడవా గీశాడు. పడవ ముక్కు వంకరొచ్చింది. చెరపమన్నాను. చెరిపాడు. తెరకి మొహం ఆనించి చాలాసేపు చూశాడు.

"మరక లేదు," అన్నాడు.

"ఉండదు."

"మా నాన్న జీవితమంతా ఆ మరకలు కడుక్కున్నాడమ్మా. ఇక్కడ... ఏమీ లేదు. మళ్ళీ గీసుకోవచ్చు."

మళ్ళీ గీశాడు. ఈసారి పడవ బాగా వచ్చింది. ఎల్డన్ గుంపు వచ్చే వేళైందని చెప్పినా లేవలేదు. చివరికి కోటు తొడుక్కుంటూ, గొంతు తగ్గించి, "ఇది కాగితాన్ని మింగేస్తుంది," అన్నాడు.

"అయితే ఏం చేద్దాం?"

"మనమే చెయ్యాలి, ఇంకేం చేస్తాం! మనం చెయ్యకపోతే ఎవడో చేస్తాడు, అప్పుడు మనల్నీ కలిపి మింగుతాడు. వాళ్ళని దీని ముందు కూర్చోబెడతాను ఇర్మా. ఒక్కొక్కణ్ణీ చెయ్యి పట్టుకుని. నాకు నువ్వు చేసినట్టు. అది నా పూచీ."

వినండి, ఇది గుర్తుంచుకోండి. ఆయనకి అర్థం కాలేదని, కాపీ మిషన్ల మనిషికి కంప్యూటరు ఏం తెలుస్తుందని తర్వాత చాలామంది జాలిపడ్డారు. అబద్ధం. ఆయనకి మా ఎల్డన్ కంటే ముందే, ఎల్డన్ కంటే బాగా అర్థమైంది. అర్థం కానివాడైతే నేనింత రాసేదాన్ని కాదు.

వసంతంలో పొడుగు బల్ల నుంచి పిలుపొచ్చింది. క్వెయిల్‌ని తెచ్చి చూపించండి, అదే రోజు తేల్చేస్తాం. ల్యాబు నుంచి ఇద్దరు ముగ్గురు రావాలి, టై కట్టుకుని రావాలి. ఎల్డన్ ఆ కబురు చదివి బల్ల మీద పారేశాడు.

"నేను మెడకి ఉరేసుకోను. మంచి సరుక్కి దలాలీ అక్కర్లేదు."

"ఒక్క పూట కట్టుకుంటే చస్తావా?" అన్నాను.

"విషయం టై కాదు ఇర్మా. టై అడిగేవాడికి క్వెయిల్ ఏం అర్థమవుతుంది? నువ్వెళ్ళు, నువ్వు బాగా చూపిస్తావ్."

మిగతావాళ్ళు తలలూపారు. ఆరేళ్ళ చాకిరీ, వాళ్ళ పిల్లలకి కూడా దొరకని వాళ్ళ సమయం, అన్నీ ఆ పెట్టెలో ఉన్నాయి. దానికోసం ఒక గుడ్డముక్క మెడకి చుట్టుకోలేకపోయారు. దాన్ని వాళ్ళు ఆత్మగౌరవం అనేవారు. మా ఊళ్ళో దానికి వేరే పేరుంది, ఆడదాన్ని కాబట్టి రాయను.

నేనే వెళ్ళాను. క్వెయిల్‌ని చెక్కపెట్టెలో పంపారు. అక్కడ ఇంకా మంచు కురుస్తోంది. పొడుగు బల్ల గదిలో, కిటికీ పక్కన చిన్న బల్ల వేసి, దాని మీద క్వెయిల్ పెట్టి తీగలు కలిపాను. బుర్రుమంది, తెర వెలిగింది. అది సమావేశానికి ముందు రోజు సాయంత్రం. క్విగ్లీ వచ్చి చూసి, ఎదురుగా కుర్చీ సర్ది, "ముందు స్ట్రిక్లర్ గారు కూర్చుంటారు," అన్నాడు. హోబర్ట్ స్ట్రిక్లర్ ఆ బల్లకి పెద్ద. ఆయన ఔనంటే అందరూ ఔనే.

కానీ క్విగ్లీ మొహంలో రక్తం లేదు.

"ఏమైందండీ?"

"స్ట్రిక్లర్ గారితో ఇప్పుడే మాట్లాడాను. మీటల మీద చెయ్యి పెట్టాలంటే, 'టైపు కొట్టడానికి నాకు మనిషుంది మెర్ల్' అన్నారు."

"టైపు కాదు, మౌస్ పట్టుకుంటే చాలని చెప్పాల్సింది."

"చెప్పబోయాను. 'మౌస్ ఏంటి?' అని నవ్వారు. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. మళ్ళీ ఆ బీన్‌బ్యాగులో పడ్డట్టే ఉంది ఇర్మా," అన్నాడు.

నాకు జాలేసింది. ఆ జాలి ఇప్పుడు తల్చుకుంటే ఒళ్ళు మండుతుంది.

"అందుకే ఒక ఉపాయం చేశాను," అని సంచిలోంచి తోలు అట్ట పుస్తకాలు తీశాడు. ఒక్కొక్కరికీ ఒకటి, అట్ట మీద బంగారు అక్షరాల్లో పేరు. లోపల క్వెయిల్ తెర బొమ్మలు. తెర మీద ఏమేం కనిపిస్తుందో అన్నీ ఫొటోలు తీయించి కాగితం మీదికి దించి, కంపెనీ ఇంకా బయటపెట్టని కొత్త కాపీ మిషన్ మీద నకళ్ళు తీయించి, కుట్టించాడు.

"మిషనే ఇక్కడుంటే మిషన్ బొమ్మలెందుకండీ? పెళ్ళికూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని ఫొటో చూస్తారా ఎవరైనా?"

"వాళ్ళకి కాగితమే చదవడం వచ్చమ్మా. ముందు కాగితం చూస్తారు, బెరుకు పోతుంది, అప్పుడు లేపి తీసుకొస్తాను. వాళ్ళ సంగతి నాకు తెలుసు."

తెలుసు, నిజమే. మరీ ఎక్కువ తెలుసు.

మర్నాడు పొద్దున్నే అందరూ వచ్చారు. బల్ల చుట్టూ ముదురు నీలం కోట్లు, కాఫీ, చక్కెర పూసిన డోనట్లు. నేను క్వెయిల్ పక్కన నిలబడ్డాను. తెర మీద తెల్లటి పేజీ, దాని మీద "శుభోదయం, మిస్టర్ స్ట్రిక్లర్" అని రాసి ఉంచాను. అది క్విగ్లీ చెప్పిందే. ఆయన లేచి రెండు ముక్కలు మాట్లాడి పుస్తకాలు పంచాడు.

స్ట్రిక్లర్ పుస్తకం తెరిచాడు. తెరిచి, కిటికీ వైపు ఎత్తాడు. పక్కాయన ఎత్తాడు. ఆ పక్కాయన ఎత్తాడు. బల్ల పొడుగునా ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు పుస్తకాలు వెలుతురుకి ఎత్తి ఒక కన్ను మూశారు. ఆ కిటికీ నా వెనకే ఉంది. వాళ్ళ మొహాలన్నీ నావైపే, క్వెయిల్ వైపే ఉన్నాయి. ఒక్కడూ మమ్మల్ని చూడలేదు.

"మెర్ల్! ఏ మిషన్ మీద తీయించావ్ దీన్ని?"

"కొత్తదాని మీద సార్, ఇంకా బయటికి రానిది."

"ఈ నలుపు చూడండయ్యా! ఇంత పెద్ద నల్ల గడి, మధ్యలో ఎక్కడా తెల్లబడలేదు."

"అంచు చూడు హోబర్ట్, కత్తితో కోసినట్టుంది."

"టోనరు పొడి మార్చారా మెర్ల్? వేడి పెంచారా?"

క్విగ్లీ చెప్పడం మొదలుపెట్టాడు. టోనరు గురించి, డ్రమ్ము గురించి, వేడి గురించి. బల్ల దగ్గర ఎవరో ఖాళీ కుర్చీ లాగి, "కూర్చుని చెప్పవయ్యా, నిలబడతావేం," అన్నారు. కూర్చున్నాడు. బల్ల మీద మోచేతులు పెట్టుకున్నాడు. నేనాయన కళ్ళలోకి చూస్తూనే ఉన్నాను, ఇప్పుడు లేస్తాడు, ఇప్పుడు చెయ్యి పట్టుకుని తెస్తాడు అనుకుంటూ. ఆయన నావైపు చూడకుండా చూసుకున్నాడు.

ఇక ఆగలేక, "సార్, మీ చేతుల్లో ఉన్నది దీని బొమ్మ. అసలుది ఇక్కడుంది, ఒక్కసారి వచ్చి కూర్చోండి," అన్నాను.

అందరూ తలలు తిప్పారు, గదిలో కుర్చీ మాట్లాడిందా అన్నట్టు.

"తప్పకుండా మిస్, తర్వాత," అన్నాడు స్ట్రిక్లర్ మర్యాదగా. తర్వాత క్విగ్లీతో, "ఆ రొద ఒకటి... మాట వినబడ్డం లేదు. కాస్త ఆపిస్తావా మెర్ల్?"

క్విగ్లీ లేచాడు. నావైపు నడిచొచ్చాడు. నా ఎదురుగా ఆగాడు. తెర మీద "శుభోదయం" వెలుగుతోంది. ఆ క్షణంలో ఆయన ఒక్క మాట అంటే చాలు. రొద దీనిదే సార్, వచ్చి చూడండి అంటే చాలు. నేను నోరు తెరిచేలోపు ఆయన వంగి, గోడ దగ్గర తడిమి, ప్లగ్గు పీకేశాడు.

తెర మధ్యలో చిన్న చుక్క మెరిసి ఆరిపోయింది. గది ప్రశాంతంగా అయింది. క్విగ్లీ తీగని పద్ధతిగా చుట్టి, నా చేతిలో పెట్టి, "తర్వాత ఇర్మా," అని గొణిగి, వెనక్కెళ్ళి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆ 'తర్వాత' ఎప్పటికీ రాలేదు. ఆ పుస్తకం చూసి ఫ్యాక్టరీని కొత్త కాపీ మిషన్‌కి ఇచ్చారు. ఆ మిషన్ నాణ్యతకి పెద్దగా క్విగ్లీనే వేశారు. బల్ల దగ్గర కుర్చీ ఇచ్చారు, ఇత్తడి ముక్క మీద పేరు చెక్కించి.

నేను చెక్కపెట్టెకి మేకులు కొట్టించుకుని తిరిగొచ్చాను. విమానంలో ఏడవలేదు. కోపంగా ఉన్నప్పుడు నాకు ఏడుపు రాదు.

మా కొండ మీద ఒకటే గగ్గోలు. ఏడాది తిరిగేసరికి ఎల్డన్ గుంపంతా ఒక్కొక్కళ్ళే కొండ దిగి, కింద రోడ్డు పక్కన పుట్టుకొస్తున్న కంపెనీల్లో చేరారు. క్వెయిల్‌లో ఉన్నవన్నీ ఇంకొకళ్ళ పెట్టెల్లో వెలిగాయి, లోకమంతా కొనుక్కుంది. ఎల్డన్ ఇప్పుడు పెద్ద మనిషి. వేదికలెక్కి, ఆ కాపీ మిషన్ల వాళ్ళ బుర్ర నిండా టోనరేనని చెబుతుంటాడు, జనం పగలబడి నవ్వుతారు. ఒకసారి అలాంటి సభ అయ్యాక ఎదురుపడ్డాడు. మెడలో పట్టు టై ఉంది.

"బాగుంది నీకు. అప్పుడైతే ఇంకా బాగుండేది," అన్నాను.

"ఇంకా మర్చిపోలేదా తల్లీ నువ్వు?" అని నవ్వాడు. ఏం నవ్వు అది. తిలా పాపం తలా పిడికెడు అంటారు కదా, ఇతని పిడికిలి మాత్రం ఎప్పుడూ ఖాళీయే, కావాలంటే తెరిచి చూపిస్తాడు.

క్విగ్లీ మళ్ళీ కనబడతాడనుకోలేదు. లోరీన్ పోయాక, మోకాళ్ళు మంచుని ఓర్చుకోలేక, మా ప్రాంతంలోనే లాస్ గాటోస్‌లో కూతురి దగ్గరికి వచ్చేశాడట. పుట్టినప్పుడు డ్రమ్ము అరిగిన కాగితం మీద వచ్చిన కూతురే. ఆ అమ్మాయి ఫోను చేసి, "నాన్న మిమ్మల్ని ఒక్కసారి చూడాలంటున్నారు, రోజూ అడుగుతున్నారు," అంది. వెళ్ళాను. జాలితో కాదు. నాకొక ప్రశ్న మిగిలిపోయింది.

ముసలాడు కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. బల్ల మీద కంప్యూటరు, పక్కన మౌస్. అది గ్రేడన్ వాళ్ళది కాదు, గ్రేడన్ అనే కంపెనీయే అప్పటికి లేదు. కాగితాన్ని మింగేది ఇంకెవరో చేశారు, ఆయన చెప్పినట్టే దాన్నీ కలిపి మింగేశారు.

"నాన్నకి మెయిల్ వస్తే తెర మీద చదవరండీ," అని కూతురు గుసగుసగా చెప్పింది. "ప్రింటు తీసి, వెలుతురుకి ఎత్తి చూసి, అప్పుడు చదువుతారు. నా మెయిల్ కూడా. ఏం రాశానో అడిగితే సిరా పల్చగా ఉందంటారు."

ఆయన నన్ను చూసి లేవబోయాడు, లేవలేకపోయాడు. ఈసారి నేను చెయ్యి ఇవ్వలేదు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, బల్ల సొరుగులోంచి తోలు అట్ట పుస్తకం తీశాడు. బంగారు అక్షరాల్లో ఆయన పేరే ఉంది. తనకోసం ఒకటి ఉంచుకున్నాడన్నమాట. పేజీలు తిప్పి ఒక చోట ఆపాడు. సరస్సు, చిన్న పడవ.

"గుర్తుందా? నువ్వు నేర్పిందే."

గుర్తుంది. ఆ బొమ్మని కూడా నకలు తీయించి ఆ బల్ల మీద పెట్టాడని నాకప్పుడు తెలీదు.

"మిస్టర్ క్విగ్లీ, ఒకటి అడుగుతాను, నిజం చెప్పండి. చెయ్యి పట్టుకుని తెస్తానన్నారు. మీకంతా తెలుసు. మరి ఆ రోజు ప్లగ్గు ఎందుకు పీకారు?"

ఆయన నావైపు వింతగా చూశాడు. సిగ్గుపడతాడని, కనీసం కళ్ళు దించుకుంటాడని చూశాను. అలాంటిదేం లేదు. ఇన్నేళ్ళు నేను మోసిన ప్రశ్న ఆయన తలుపు కూడా తట్టలేదు.

"చప్పుడుగా ఉందన్నారు కదమ్మా," అన్నాడు.

తర్వాత ఆ పేజీని కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి, తృప్తిగా తలూపి, నాకందించాడు.

"పట్టుకుని చూడు ఇర్మా. ఇన్నేళ్ళైంది, అంచు కూడా చెదరలేదు."

పట్టుకుని చూశాను. నిజమే, చెదరలేదు.